నాలుగో ముక్క

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో నేను ట్రేసరుగా చేశాను. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఒకరు గీసిన గీత మీద బట్ట పరిచి మళ్ళీ అదే గీత గీయడమే ఆ పని. సొంత బుర్రతో ఒక్క గీత గీసినా తప్పే. మా మేనమామ తన కూతుర్ని నాకిస్తూ, అల్లుడు ఇంజన్లకి పటాలు గీస్తాడని సోంపేటంతా చాటుకున్నాడు. గీయను, దిద్దుతానంతే అని చెప్పినా వినిపించుకోలేదు. మా నాన్న అదే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. కొడుక్కి కూర్చుని చేసే ఉద్యోగం దొరికిందని పోయే ముందు తృప్తి పడ్డాడు. కూర్చుని చేసే ఉద్యోగంలో నడుమూ కళ్ళూ పోతాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మేం గీసేది కాగితం మీద కాదు, ట్రేసింగ్ బట్ట మీద. సన్నటి నూలుబట్టకి దట్టంగా గంజి పట్టించి, నున్నగా సానబెట్టి చుట్టలుగా పంపేవారు. కింద ఉన్న గీత పైకి కనిపించేది. ఏళ్ళ తరబడి చిరగదు. కానీ దానికి నీళ్ళంటే గిట్టదు. ఒక్క చెమట బొట్టు పడితే చాలు, అక్కడ గంజి కరిగి తెల్లమచ్చ పడుతుంది, ఇంక ఆ చోట సిరా నిలవదు. అందుకని వేసవిలో అందరం నుదుటికి తువ్వాలు బిగించుకుని, ముంజేతుల కింద గుడ్డలు వేసుకుని కూర్చునేవాళ్ళం. బట్ట ఎగురుతుందని ఫ్యాన్లు ఆపేసేవారు. మే నెలలో ఆ రేకుల కప్పు కింద ఫ్యాను లేకుండా కూర్చుని నేను దేవుణ్ణీ రైల్వేనీ సమానంగా తిట్టుకునేవాణ్ణి.

ఇదే బట్టని సబ్బునీళ్ళలో నానబెడితే గంజి పోయి, గీతలు పోయి, నాలుగేళ్ళు కట్టిన పంచె కన్నా మెత్తగా తేలేది. రద్దయిన డ్రాయింగుల్ని బడోబాబు నీలం పెన్సిలుతో అడ్డంగా కొట్టేసేవాడు. బడోబాబంటే మా ఆఫీసు పెద్ద, బెంగాలీ ఆయన. ఆయన కొట్టేశాక ఎవరు పట్టుకెళ్ళినా అడిగేవాడు కాదు. మా తెలుగువాళ్ళ ఇళ్ళలో వాటితో పాలు వడగట్టుకునేవారు, జేబురుమాళ్ళు కుట్టుకునేవారు. అన్నిటికన్నా ఎక్కువగా పురిటిళ్ళకి పోయేవి. పసిబిడ్డకి కొత్తగుడ్డ చుట్టకూడదు కదా, పాతదే చుట్టాలి. రద్దయిన డ్రాయింగు పాతగుడ్డ కిందే లెక్కని మావాళ్ళు ఎప్పుడో తీర్మానించేసుకున్నారు. మా క్వార్టర్ల వరసలో సగంమంది పిల్లలు ఏదో ఒక ఇంజను చక్రంలోనో వంతెన దూలంలోనో చుట్టుకుని పెరిగినవాళ్ళే.

మా ఆఫీసులో ఒక పెద్ద ప్లాను ఉండేది. యార్డూ, వర్క్‌షాపూ, వాటి కింద భూమిలో ఉన్న నీళ్ళ గొట్టాలూ, మురుగు కాలవలూ అన్నీ దాని మీద ఉన్నాయి. గోల్‌బజార్ వైపు మొదలై నిమ్‌పురా షెడ్ల దాకా ఒకటే బట్ట. చుట్టచుడితే పరుపంత లావు, ఇద్దరు భుజాల మీద మోయాలి. ఎక్కడ గునపం వేయాలన్నా ముందు ఆ ప్లాను చూసుకోవాల్సిందే. చూడాలంటే వరండాలో నేల మీద పరిచి, చెప్పులు విప్పి, పక్కనే పాకుతూ చూడాలి. తెల్లదొరల కాలం నుంచి ఒకరి తరువాత ఒకరు దాని మీద చేర్చుకుంటూ పోయారు. చిరిగినచోట అతుకులు, అతుకుల మీద అతుకులు. అటువంటిది మరొకటి లేదు.

ఒక ఏడాది రికార్డు గదిలో చెదలు పట్టి, పెద్ద ప్లానుకి పక్కనే ఉన్న చుట్టలు రెండు పొడి అయిపోయాయి. దాంతో పైవాళ్ళకి భయం పట్టుకుంది. పెద్ద ప్లానుకి రెండో ప్రతి తయారుచేసి కలకత్తా పెద్దాఫీసులో దాచాలని ఆర్డరు వచ్చింది. మామూలు డ్రాయింగులైతే పక్క మేడ మీద ఎండలో గాజు ఫ్రేములో పెట్టి ప్రింటు తీసేవాళ్ళం. ఈ ప్లానుకి ఆ ఫ్రేము ఏ మూలకీ చాలదు. మడతపెట్టి చూద్దామని ఎవరో అంటే బడోబాబు, కన్నబిడ్డ చెయ్యి విరుద్దామంటే చూసినట్టు చూశాడు. చివరికి ముక్కలుగా చేత్తో ట్రేస్ చేయాలని తేలింది. ఏడు ముక్కలు. ఒక్కో ముక్క అంచు పక్క ముక్క మీదకి బెత్తెడు రావాలి. ఆ అంచుల్లో ఎర్ర సిరాతో ఇంటూ గుర్తులు పెట్టాలి. అవసరమైనప్పుడు గుర్తు మీద గుర్తు పడేలా పరిస్తే మళ్ళీ ఒక్క ప్లాను అవుతుంది. పని నాకు పడింది. నా చెయ్యి వణకదని బడోబాబు నమ్మకం.

అప్పటికి నా భార్యకి మూడో నెల. మూడో కానుపు కూడా. మొదటి రెండూ సోంపేటలో, వాళ్ళ పుట్టింట్లో జరిగాయి. మొదటిసారి టెలిగ్రాము అంది నేను వెళ్ళేసరికి బిడ్డని పాతిపెట్టేశారు. రెండోసారి నేను రైల్లో ఉండగానే పోయాడు. ఇద్దరు పిల్లలకి తండ్రినై ఒక్కడి మొహం కూడా చూడలేదు నేను. ఆమె చూసింది. ఏ పోలిక అని ఒకసారి అడిగితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది, నేనూ మళ్ళీ అడగలేదు.

ఈసారి మాత్రం నా చెయ్యి పట్టుకుని ఒక్క మాట అంది. "బావా, నువ్వు నా దగ్గరుండాల. బతికినా పోయినా ఇద్దరం సూడాల. ఒక్కదాన్నీ ఇంక నా వల్ల కాదు."

ఉంటానని మాటిచ్చాను. బడోబాబుని సెలవడిగితే, ప్లాను పూర్తిచేసి సంతకం అయిన మర్నాటి నుంచి ఎన్ని రోజులైనా తీసుకో అన్నాడు. లెక్కేసుకుంటే ఎనిమిదో నెల లోపల ఏడు ముక్కలూ అయిపోతాయి. అప్పుడు ఇద్దరం కలిసి సోంపేట వెళ్ళొచ్చు. అంత దూరం ఆలోచించి పని మొదలుపెట్టాను.

ఆ వేసవి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్న సైరను కూస్తే వెళ్ళడం, బట్ట మీద సుద్దపొడి జల్లి తుడవడం, పెన్నులో సిరా నింపడం, ఊపిరి బిగబట్టి గీత గీయడం, గీత చివర ఊపిరి వదలడం. పట్టాలకి జంట గీతలు, గొట్టాలకి చుక్కల గీతలు. చుక్కల గీతంత విసుగు పుట్టించేది ఈ లోకంలో లేదు. సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే అన్నం మీద కూడా గీతలు కనిపించేవి. మెడ ఎటు తిప్పినా పట్టేసేది. మా అమ్మ ఆవనూనె కాచి రాస్తూ, "కూకుని సేసే ఉద్యోగానికి ఇంత నొప్పేట్రా" అనేది. నాకు అరవాలనిపించేది. అరిచే ఓపిక కూడా ఉండేది కాదు.

నాలుగు ముక్కలు ఎండల్లో గీశాను. మిగిలిన మూడూ వానలు పడ్డాక గీశాను. ఏడూ అయిపోయిన రోజు వరండాలో వరసగా పరిచాం. మొదటి నాలుగూ చక్కగా కూర్చున్నాయి. చివరి మూడూ చక్కగా కూర్చున్నాయి. నాలుగుకీ అయిదుకీ మధ్య మాత్రం కుదరలేదు. పై అంచున గుర్తు మీద గుర్తు పెడితే కింది అంచున పట్టాలు పెన్సిలు మందాన పక్కకి జరిగిపోయాయి. కిందది సరిచేస్తే పైది పోయింది. మోకాళ్ళ మీద కూర్చుని అటు లాగాను, ఇటు లాగాను. బడోబాబు కూడా పంచె పైకి కట్టి నేల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. గీతల్లో తప్పేమీ లేదు. తప్పు బట్టది. ఎండల్లో బిగుసుకుంటుంది, వానల్లో సాగుతుంది. ఎన్నో ఏళ్ళ పాతబట్ట ఒక తీరున సాగితే, నిన్న మొన్న చుట్ట విప్పిన కొత్తబట్ట ఇంకో తీరున సాగింది. ముక్క ముక్కకీ ఏ దోషమూ లేదు, కలిపితే మాత్రం ప్లాను లేదు.

"సునో, మొదటి నాలుగూ మళ్ళీ గీయాలి" అన్నాడు బడోబాబు, నా మొహం చూడకుండా. ఆయన మాతో హిందీలోనే మాట్లాడేవాడు, నేల మీద కూర్చున్నప్పుడు కూడా.

లేచి బయటికొచ్చి గేటు దగ్గర టీ తాగాను. టీ తాగిన మట్టి ముంతని గోడకేసి కొట్టాను. అదొక్కటే చేయగలిగింది. మర్నాటి నుంచి ఒకటో ముక్క మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి గుర్తులు రెండు చాలవని బడోబాబు అంచుకి మూడేసి పెట్టించాడు. పాత నాలుగు ముక్కలూ రద్దని నోటితోనే అన్నాడు, నీలం పెన్సిలు మాత్రం వెంటనే పెట్టలేదు. కొత్తవి సరిపోయాయని తేలే దాకా ఉండనీ అన్నాడు. పాత నాలుగు మీదా ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలున్నాయి, కొత్తవాటి మీదా అవే అంకెలు. ప్లాను ముక్కలు కదా, ఇంకే అంకె వేస్తాం. కొత్తవి పై అరలో పెట్టేవాళ్ళం, పాతవి కింది అరలో. ఆ ఆఫీసులో రద్దు సరుకు ఎప్పుడూ కింది అరలోనే ఉండేది.

ఈలోగా ఇంట్లో మా అమ్మ ఇంకో పనిలో ఉంది. నాకు తెలియదు. పిల్లలు నిలవని ఇంట్లో పుట్టే బిడ్డకి, పిల్లలు నిలిచిన ఇంటివాళ్ళ చేతి పాతగుడ్డ అడుక్కొచ్చి చుట్టాలని మావాళ్ళ నమ్మకం. కొనకూడదు, తండ్రి తేకూడదు, చుట్టే దాకా తండ్రితో చెప్పకూడదు కూడా. మా క్వార్టర్ల వెనక వరసలో, మా ఆఫీసు ట్రేసర్లలో అందరికన్నా పెద్దాయన ఉండేవాడు. టెక్కలి వైపు మనిషి, వరసకి నాకు మావ. ఇంకో అయిదారు నెలల్లో రిటైరవుతాడు. ఆయనకి ఆరుగురు పిల్లలు, ఆరుగురూ రాళ్ళలా ఉన్నారు. మా అమ్మ ఆయన గుమ్మం ముందు కొంగు పట్టి నిలబడిందట.

"తమ్ముడా, నీ సేత్తో ఒక పాతగుడ్డ ఇయ్యి. అడుక్కుంటన్నాను."

"అదేటప్పా, కొంగు పట్టడవేటి, ఇస్తాను గదా" అన్నాడట ఆయన. "మంచి ట్రేసింగు బట్టే సూసి తెస్తాను. ఎనిమిదో నెల పడనీ."

కొత్త నాలుగు ముక్కలూ ఒక శుక్రవారం నాటికి అయ్యాయి. వరండాలో ఏడూ పరిచాం. గుర్తు మీద గుర్తు, పట్టా మీద పట్టా, గొట్టం మీద గొట్టం. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. బడోబాబు ఆ చివర నుంచి ఈ చివర దాకా చెప్పుల్లేకుండా పక్కనే నడిచి, నా భుజం మీద చెయ్యి వేశాడు. సోమవారం పెద్ద ఆఫీసరు వచ్చి సంతకం పెడతాడు, మంగళవారం నుంచి నువ్వు సెలవులో ఉండు, ఠీక్ హై అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే మెడ నొప్పి ఉన్నా నాకు తెలియలేదు. నా భార్య ట్రంకు పెట్టె దించి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

శనివారం పెద్ద వాన పడింది. ఆదివారం నేను ప్రయాణానికి కావాల్సినవి కొనుక్కోవడానికి గోల్‌బజార్ వెళ్ళి, తడిసి ముద్దయి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను. వాన వెలిసింది. వెనక వాకిట్లో తీగ మీద ఒక పొడుగాటి తెల్లగుడ్డ ఆరేసి ఉంది. మా అమ్మ దాని అంచులు సర్దుతూ, నన్ను చూసి ముందు దాచబోయి, ఇంక దాచలేక నవ్వేసింది.

"సూసీసినావేటి. సరే సూడు. ఎంత మెత్తగున్నాదో సూడు. నా తమ్ముడు తెచ్చినాడు."

ట్రేసింగ్ బట్టని చూడగానే పోల్చుకున్నాను. రద్దయిన ముక్కల్లో ఒకటి అయి ఉంటుందనుకున్నాను. దగ్గరికెళ్ళి అంచు పట్టుకున్నాను. నల్ల సిరా అంతా గంజితో పాటు పోయింది గానీ ఎర్ర సిరా పూర్తిగా పోదు. అంచున లేత గులాబీ రంగులో ఇంటూ గుర్తులున్నాయి. ఒకటి, రెండు, మూడు. పాతవాటికి రెండే ఉంటాయి. మూల చూశాను. అక్కడ కూడా ఎరుపే, నాలుగు అంకె. మా అమ్మ ఏదో చెబుతూనే ఉంది, ఒక్క ముక్క చెవికెక్కలేదు.

తడిబట్టలతోనే మావ ఇంటికి వెళ్ళాను. దారిపొడుగునా ఆయన్ని అనాల్సిన మాటలు పేర్చుకుంటూ వెళ్ళాను. కొన్ని చాలా ఘాటుగా కుదిరాయి. ఆయన అరుగు మీద కూర్చుని ఆవనూనె కలిపిన మరమరాలు తింటున్నాడు.

"రారా అల్లుడా. గుడ్డ సూసినావేటి? బాగున్నాదా?"

"మావా, ఏ అర్లోంచి తీసినావు?"

"కింద అర్లోది. రద్దువన్నీ కిందే గదా. నిన్న మాపిటేల దిగిపోయినప్పుడు అట్టుకొచ్చినాను. నీలం గీత నేదు గాని, బాబు నోటితో రద్దన్నాడు గదా."

"నిన్న వానకి పైకప్పు కారినాది. పై అర తడిసిపోతాదని ప్యూను మంచివన్నీ కిందకి దించీసి ఉంటాడు. గుర్తులు మూడున్నాయి మావా. అది కొత్తది."

ఆయన నోట్లో మరమరాలు అలాగే ఉండిపోయాయి. నమలడం మానేశాడు. "నాలుగోదా?" అన్నాడు.

"నాలుగోదే."

"గీతలన్నీ పోయినాయా?"

"అన్నీ."

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మీ యమ్మ కొంగు పట్టినాది రా" అన్నాడు. "నీ బిడ్డ బతకాలని తెచ్చినాను. రెండు కళ్ళతో ఎదికి, మరక నేనిది సూసి మరీ తెచ్చినాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "రేపు బాబుకి నానే సెప్పీస్తాను" అన్నాడు.

"సెప్పి ఏటి సేస్తావు? నాలుగు నెల్లలో దిగిపోతావు, ఇప్పుడు నీకొక మెమో ఇప్పించడానికా? ఎవులు సెప్పినా మళ్ళా గీయాల్సింది నానే గదా."

దారిలో పేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు. అరుగు మీద ఆయన పక్కనే చతికిలబడి ఆయన గిన్నెలోంచే మరమరాలు తిన్నాను. కోపం రావాలంటే కూడా ఒంట్లో కొంత మిగిలి ఉండాలి. నాలో ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాను. ఆమె ట్రంకు పెట్టె పక్కన కూర్చుని ఉంది. సెలవు పోయిందని, కనీసం రెండు వారాల పనని, ఈలోగా నెలలు నిండుతాయని చెప్పాను. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్తాడని, పని అయిన వెంటనే నేను వస్తానని కూడా చెప్పాను. ఆఖరి మాట చెబుతున్నప్పుడు నాకే నమ్మకం లేదు.

"రెండుసార్లు అలగే అన్నావు బావా" అంది. కోపంగా అనలేదు. పెట్టె మూత తీసి సర్దిన చీరలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ దండెం మీద వేసింది. "నానెల్లను. ఇక్కడే కంటాను. రైల్వే ఆస్పిటల్ నేదా ఏటి? నువ్వు ఆపీసులో ఉన్నా ఒక కేకకి అందుతావు."

మా అమ్మ అడ్డు చెప్పబోయింది. తను అడుక్కొచ్చిన గుడ్డ సంగతి గుర్తొచ్చి నోరు మూసుకుంది.

సోమవారం పొద్దున్నే బడోబాబు దగ్గరికి వెళ్ళి, నాలుగో ముక్క నీళ్ళు తగిలి పాడైపోయిందని చెప్పాను. ఆయన తల ఎత్తి పైకప్పు మీద తడిమచ్చ చూశాడు, కింది అర చూశాడు, మావ ఉన్న మూల చూశాడు. మావ గీతలు గీసే టీ స్క్వేరు బద్దని అవసరం లేకుండా తుడుస్తున్నాడు. ఎండాకాలం గీసిన పాత నాలుగో ముక్క ఉంది కదా, అదే పెట్టి చుట్టేసి పంపిద్దాం, కలకత్తాలో ఎవరు విప్పి చూస్తారని పక్క బల్ల మీది డ్రాఫ్ట్స్‌మన్ అన్నాడు. నాకూ ఆ మాట చాలా సబబుగా తోచింది. బడోబాబు మాత్రం ఒప్పుకోలేదు.

"దాన్ని విప్పే రోజంటూ వస్తే, ఆ రోజు ఇక్కడ అసలు ప్లాను ఉండదు. అప్పుడు పట్టాలు కలవకపోతే వాళ్ళు ఎవరిని అడుగుతారు? మనం ఉండం."

సంతకం వాయిదా పడింది. నేను నాలుగో ముక్కని మూడోసారి మొదలుపెట్టాను. ఈసారి ఏ గొట్టం ఎక్కడ తిరుగుతుందో కింద చూడకుండానే నా చేతికి తెలుసు. దానివల్ల పని తేలికవలేదు, అలసట ఇంకా పెరిగింది. మావ రోజూ నా పెన్నులు కడిగి, సిరా నింపి, బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు.

నొప్పులు అనుకున్న దానికన్నా ముందే వచ్చాయి. ఒక పొద్దున్న నేను నిమ్‌పురా వైపు పట్టాల గీత గీస్తున్నాను. పొడుగు గీత. అలాంటి గీతని మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు కనిపిస్తుంది. ప్యూను వచ్చి నా చెవి దగ్గర, మీ ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళారని చెప్పాడు. నేను గీత ఆపలేదు. ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఒళ్ళంతా పరిగెత్తమంటోంది, చెయ్యి మాత్రం గీత మీదే పోతోంది, అన్నేళ్ళ అలవాటు. బడోబాబు లేచి వచ్చి నా వేళ్ళలోంచి పెన్ను తీసుకున్నాడు. ఆయన పెన్ను పట్టి ఎన్నేళ్ళయిందో.

"జావ్" అన్నాడు. మిగతా గీత నిలబడే గీశాడు. ఆ గీత సగం నాది, సగం ఆయనది.

పరిగెత్తాను. గేటు దాటి, సైకిళ్ళ మధ్య నుంచి, చెప్పు ఒకటి ఎక్కడో పోయింది. ఆస్పత్రి వరండాలో మా అమ్మ గోడకి చేరబడి ఉంది. లోపలికి రానివ్వలేదు. తలుపు అవతల నా భార్య కేక వినిపిస్తే, ఇక్కడే ఉన్నానని నేనూ అరిచాను. నర్సు బయటికొచ్చి బెంగాలీలో చీవాట్లు పెట్టింది. అయినా అరుస్తూనే ఉన్నాను. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలియదు. చివరికి లోపల్నుంచి ఇంకో గొంతు వినిపించింది, సన్నగా, కోపంగా. మా అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది.

ఆడపిల్ల. మా అమ్మ ఆ తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి నా ముందు పట్టుకుంది. నా వేళ్ళ నిండా సిరా. ముట్టుకోకు, ముందు సేతులు కడుక్కో అంది. నేను ముట్టుకోలేదు, చూశాను. పోలిక గురించి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ముక్కు అచ్చం మా నాన్నది.

పదకొండో రోజు దాటాక బడోబాబు సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చాడు, వెనకే మావ. పిల్లని మంచం మీద పడుకోబెట్టి ఉంది. బడోబాబు పిల్లని చూసి, గుడ్డ అంచుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూశాడు. గులాబీ రంగు గుర్తుల మీద ఆయన బొటనవేలు ఆగింది. మావ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"నీళ్ళు తగిలాయన్నావు" అన్నాడు బడోబాబు.

"నీళ్ళే బాబూ. సబ్బునీళ్ళు."

ఆయన గుడ్డ అంచుని పిల్ల పాదాల మీద జాగ్రత్తగా కప్పాడు. "ఇది బాగా కలిసిన ముక్క" అని మాత్రం అన్నాడు. మావ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఏడు ముక్కలూ మళ్ళీ కలిసి, సంతకాలై, జింకు గొట్టంలో పెట్టాక, మావ తన చేత్తో మూతకి టంకం వేస్తే కలకత్తా పంపించాం. మావ రిటైరై టెక్కలి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి కరెంటు రైళ్ళొచ్చాయి. యార్డంతా స్తంభాలు పాతారు, పట్టాలు జరిపారు, గొట్టాలు మార్చారు. కొత్త ప్లాను కొత్తగా గీశారు, దాన్ని మొదటి నుంచే విడివిడి షీట్లుగా గీశారు. పాత పెద్ద ప్లానుని చుట్టి ఒక మూల నిలబెట్టారు. అందులో సగం చెదలు తినేశాయని విన్నాను. ఎవరూ బాధపడలేదు.

పిల్ల బడికెళ్ళే వయసులో ఉన్నప్పుడు ఏదో పని మీద నన్ను కలకత్తా పెద్దాఫీసుకి పంపారు. పని అయ్యాక రికార్డు గదికి వెళ్ళి ఆ గొట్టం గురించి అడిగాను. గుమాస్తా పై అర మీదకి వేలు చూపించాడు. దుమ్ము పట్టి ఉంది. మావ చేతి టంకం అలాగే ఉంది, ఎక్కడా గీటు కూడా పడలేదు. ఎప్పుడైనా విప్పారా అంటే, ఎందుకు విప్పుతారు అన్నాడు. నిజమే మరి. దాని కిందే కాసేపు నిలబడ్డాను. నా మెడ, నా కళ్ళు, ఒక వేసవి, ఒక వానాకాలం, బడోబాబు గీసిన సగం గీత అన్నీ ఆ గొట్టంలో ఉన్నాయి. లోకల్ ఎక్కి, కూర్చోవడానికి చోటు దొరక్క, నిలబడే ఇంటికొచ్చాను.

"సూసినావా?" అంది నా భార్య, కాళ్ళకి నీళ్ళిస్తూ.

"సూసినాను. ఏడు ముక్కలూ ఎట్టింది ఎట్టినట్టే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఒక్కటీ ఎవులికీ పనికిరానేదు."

"ఒకటి వొచ్చినాది గదా" అంది. లోపల పిల్ల పడుకుని ఉంది. నాలుగో ముక్కలో మిగిలిన ఒక పేలిక అప్పటికి మా ఇంట్లో పాలు వడగట్టే గుడ్డ అయింది. ముప్పై ఏళ్ళకి పైగా గీసిన వాటిలో ఎవరికైనా అక్కరకొచ్చింది అదొక్కటే, అది కూడా నేను గీసిన గీతలన్నీ కడిగేశాక.